ముసలి ఎలుకల విచ్ఛిన్నకర చర్యలు

ఆ యేడాది ప్రభుత్వానికి ఉన్నట్టుండి తెలుగు మీద ప్రేమ పుట్టింది. ప్రేమ పుట్టినప్పుడు మనుషులు పద్యాలు రాస్తారు, ప్రభుత్వాలు ఉత్తర్వులు రాస్తాయి. శాస్త్ర పరిశోధనా సంస్థలన్నీ తమ వార్షిక నివేదికలను ఇకమీదట తెలుగులోనే సమర్పించాలనీ, నివేదిక ఒక పేజీ దాటరాదనీ, ప్రభుత్వం ఆమోదించిన పదకోశంలో లేని మాట ఒక్కటి కూడా అందులో దొర్లరాదనీ ఆ ఉత్తర్వు సారాంశం. మొదటి షరతు సబబైనది. రెండోది భరించదగినది. ఈ కథంతా మూడోదాని వల్ల జరిగింది.

పదకోశాన్ని కూర్చిన సంఘంలో రెవిన్యూ, పోలీసు, పంచాయతీరాజ్ శాఖల పెద్దలు కూర్చున్నారు. అందుచేత అందులో ఆక్రమణకూ అరెస్టుకూ కావలసినన్ని పర్యాయపదాలు ఉన్నాయి. మనిషి ఒంట్లో జరిగే పనులకు మాత్రం దాదాపు ఏమీ లేవు. ఒళ్లు ఏ శాఖ పరిధిలోకీ రాదని సంఘం అభిప్రాయపడి ఉంటుంది.

వార్ధక్య శాస్త్ర సంస్థలో జీవరసాయన విభాగానికి పెద్ద డాక్టర్ మందాకిని. ఆమె పరిశోధనను వివరించడం కష్టం కాదు. ఒంట్లో ప్రతి కణమూ నిత్యం ప్రోటీన్లను తయారు చేసుకుంటుంది. పాడైపోయినవాటిని ముక్కలు చేసి పారేస్తుంది. ఆ ముక్కలు చేసే పని కొన్ని ఎంజైములది. వయసు పెరిగేకొద్దీ ఆ పని మందగిస్తుంది, పాడైన సరుకు కణంలో పేరుకుంటుంది. ఇంతవరకు లోకానికి తెలిసిందే. మందాకిని తేల్చుకోవాలనుకున్నది ఇంకొకటి ఉంది. పని మందగించింది ఎంజైములు సంఖ్యలో తగ్గిపోవడం వల్లనా, లేక ఉన్నవి ఉండగానే పని మానేయడం వల్లనా?

ప్రభుత్వోద్యోగి ఎవరైనా ఈ ప్రశ్న వింటే సమాధానం తనకు ముందే తెలుసనుకునేవాడు. మందాకినికి అలాంటి తొందరపాటు లేదు. ఆమె ఎలుకలను అడగదలచుకుంది.

ఎలుకను ముసలిదాన్ని చేయడానికి అడ్డదారి లేదు. మేత వేసి, నీళ్లు పెట్టి, రెండేళ్లకు పైగా ఓపిక పట్టాలి. అలా ఓపిక పట్టగా పట్టగా ఆమె ఎలుకలు ఇప్పుడు సరిగ్గా పరీక్షకు పండాయి. ఆమె కూడా పదవీ విరమణకు పండింది. వచ్చే నెలాఖరుకు ఆమె ఇంటికి వెళ్లిపోవాలి. ఆలోగా పరీక్ష జరగకపోతే ఇక ఎప్పటికీ జరగదు, ఎందుకంటే ఆమె తరువాత ఎలుకల గదిని ధ్యానమందిరంగా మార్చాలని డైరెక్టరు భుజంగరావు నిశ్చయించుకుని, తన పేరుతో శిలాఫలకం కూడా చెక్కించి సిద్ధంగా ఉంచారు.

నివేదిక తెలుగు చేసే పని సంస్థ అనువాదకుడు నరహరి మీద పడింది. నరహరి చాలా ఏళ్లు హోంశాఖలో ప్రకటనలు రాసి వచ్చినవాడు. అతని వాక్యాలు ఇప్పటికీ టోపీ పెట్టుకునే నడుస్తాయి.

“ప్రోటీన్లను ముక్కలు చేసే పనిని ‘విఘటన’ అని రాయండి నరహరి గారూ,” అంది మందాకిని.

“బాగానే ఉంటుంది మేడమ్. కానీ పదకోశంలో ‘విఘటన’ లేదు. ‘విఘాతం’ ఉంది, ‘విచ్ఛిన్నకర’ ఉంది. ఏది వేయమంటారు?”

“పోనీ, ‘విడగొట్టడం’ అనండి.”

“దాన్ని పంచాయతీ వార్డులకు కేటాయించారండీ. మనం వాడాలంటే ఆ శాఖ నుంచి అభ్యంతరం లేదని పత్రం తేవాలి.”

“జీవకణం?”

“లేదు. ‘సెల్’ ఉంది. ఫిర్యాదుల సెల్, నిఘా సెల్, జైలు సెల్.”

“ఎంజైము కూడా లేదేమో?”

“‘కారకులు’ ఉంది మేడమ్. నిక్షేపంలాంటి మాట.”

చివరికి నివేదిక ఇలా తేలింది: ‘వయసు మీరిన సెల్స్‌లో విచ్ఛిన్నకర చర్యలు గణనీయముగా తగ్గినవి. ఇందుకు కారకులు సంఖ్యలో తగ్గిరా, లేక ఉండియు నిష్క్రియులైరా అనునది తేలవలసి ఉన్నది. సదరు చర్యలను యవ్వనకాలపు స్థాయికి పునరుద్ధరించుటయే మా సంస్థ అంతిమ లక్ష్యము.’

మందాకిని దాన్ని రెండుసార్లు చదివింది. “ఇది చదివినవాళ్లు ఏమనుకుంటారండీ?”

“ఎవరూ చదవరు మేడమ్,” అన్నాడు నరహరి గొంతులో అనుభవం ధ్వనించగా. “సర్వీసంతా ప్రభుత్వానికి రాసినవాణ్ణి, నాకు తెలియదా?”

ఆ హామీ మీద ఆమె సంతకం పెట్టింది. నరహరి చెప్పింది అబద్ధమేమీ కాదు. మామూలు రోజుల్లో ఎవరూ చదివేవారు కారు. దురదృష్టవశాత్తూ ఆ వారం సచివాలయంలో ఇంటర్నెట్ పోయింది. చేయడానికి మరేమీ తోచక ఒక సెక్షన్ అధికారి నివేదికను చదివాడు.

*

హోంశాఖ తరఫున విచారణకు ప్రత్యేకాధికారిగా చక్రపాణి వచ్చారు. బట్టతల, తెల్లని సఫారీ, మాట్లాడేముందు గొంతు సవరించుకునే అలవాటు. ఆయన వెంట ఒక స్టెనో. ఆయన డైరెక్టరు గదిలో డైరెక్టరు కుర్చీలోనే కూర్చున్నారు. భుజంగరావు పక్కన నిలబడి, తన సొంత గదిలో ఫ్యాను వేగం సరిపోయిందో లేదో అతిథిని అడుగుతున్నారు.

“డాక్టరు గారూ,” అన్నారు చక్రపాణి, “మీ ఆధ్వర్యంలో ఎన్ని సెల్స్ పనిచేస్తున్నట్లు?”

“లెక్క పెట్టలేం సార్. కోట్లలో ఉంటాయి.”

“కోట్లా! ఈ ఒక్క ఊళ్లోనేనా?”

“ఈ ఒక్క కుర్చీలోనే. మీ ఒక్కరిలోనే కోటానుకోట్లు.”

చక్రపాణి కుర్చీలోంచి సగం లేచి, కిందికి ఒకసారి చూసుకుని, మళ్లీ కూర్చున్నారు.

“విచారణాధికారి మీద ఆరోపణలు చేయకూడదమ్మా. అడిగినదానికే పరిమితం కండి. ఈ సెల్స్‌కు ఆదేశాలు ఎక్కడి నుంచి అందుతున్నాయి?”

“కేంద్రకం నుంచి.”

స్టెనో కలం ఆగిపోయింది. భుజంగరావు ఫ్యాను సంగతి మరిచిపోయారు.

“కేంద్రం నుంచా?” అన్నారు చక్రపాణి గొంతు తగ్గించి.

“కేంద్రకం.”

“నేనూ అదే అంటున్నాను. అమ్మా, రాష్ట్ర ప్రభుత్వ జీతం తీసుకుంటూ కేంద్రం పేరు ఎత్తుతున్నారు. ఆలోచించి మాట్లాడండి.” ఆయన స్టెనో వైపు తిరిగి, “ఆ మాట రాయకు,” అన్నారు. ఒక క్షణం ఆగి, “పెన్సిలుతో రాయి,” అన్నారు.

తరువాత కార్యపద్ధతి వివరించమన్నారు. మందాకిని, చదువు చెప్పే మనిషికుండే ఓపికతో, వివరించింది. పాడైన ప్రోటీనుకు ముందుగా ఒక గుర్తు తగులుతుంది. గుర్తు పడ్డదాన్ని ఎంజైములు పట్టుకుంటాయి, పీపాలాంటి ఒక ఇరుకు గదిలోకి లాగుతాయి, అక్కడ ముక్కలు చేస్తాయి.

“ముందు గుర్తు వేయడం. తరువాత లాక్కెళ్లడం. తరువాత ముక్కలు,” అన్నారు చక్రపాణి. ఆయన నుదుటి మీద చెమట పోసింది. “ఇది ఎన్నాళ్లకోసారి?”

“క్షణం క్షణం జరుగుతుంది సార్. అది ఆగిపోతే మనిషి బతకడు.”

“దీన్ని బెదిరింపుగా నమోదు చేసుకోవచ్చునా?”

“జీవశాస్త్రంగా నమోదు చేసుకోండి.”

అక్కడ భుజంగరావు ఇక తట్టుకోలేకపోయారు. “సార్, ఈ చర్యలతో మా సంస్థకు గానీ, వ్యక్తిగతంగా నాకు గానీ ఎలాంటి ప్రమేయమూ లేదు. చేసేదంతా ఎలుకలే సార్! గది చూపిస్తాను రండి.”

ఒక విచారణాధికారికి ఇంతకన్నా కావలసింది లేదు. నేరం ఉంది, స్థలం ఉంది. ఇప్పుడు నిందితులు కూడా, పారిపోయే వీలులేని చోట, దొరికారు.

*

రెండు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. విచ్ఛిన్నకర చర్యలతో సంబంధమున్నట్లు ప్రాథమికంగా తేలిన ఎలుకలన్నిటినీ, వయోభేదం లేకుండా, తక్షణం సస్పెండ్ చేశారు. విచారణ ముగిసేవరకు అవి ప్రధాన కార్యస్థానం విడిచి వెళ్లరాదు. సాక్ష్యాధారాలు తారుమారయ్యే అవకాశం ఉన్నందున డాక్టర్ మందాకిని వాటిని తాకరాదు. సస్పెన్షన్‌లో ఉన్నవారికి సర్వీసు నిబంధనల ప్రకారం సగం జీవనభృతి మాత్రమే చెల్లుతుంది గనుక, వచ్చే ఒకటో తారీఖు నుంచి వాటికి సగం మేత వేయాలి.

ఎలుకల గది చూసుకునే సైదమ్మ ఆ కాగితం పట్టుకుని మందాకిని దగ్గరికి వచ్చింది.

“మేడమ్, గిది ఎలుకలకు సదివి వినిపియ్యాల్నట. ఏ బాసల సదవాలె?”

“తెలుగులోనే చదువు సైదమ్మా. ఉత్తర్వు అదే కదా.”

“సదివిన గానీ ఒక్కటి గూడ లేవలే. ముసలియి కదా, పొద్దంత నిద్రనే. అందినట్టు ఏలిముద్రలు గావాల్నని ఆఫీసుల కెంచి ఒక సారు వచ్చిండు. ఒకటి సారు ఏలు కొరికె. గదే ముద్ర అనుకోరాదుండ్రి సారూ అన్న. గుర్రున జూసి పోయిండు.”

మందాకిని నవ్వింది గానీ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కడుపు మాడితే కణం తనలోని పాత సరుకునే విప్పుకుని వాడుకుంటుంది. ఒకటో తారీఖు నుంచి సగం మేత పడితే ఆ చర్య తనంతట తానే పెరుగుతుంది. అప్పుడు ఆమె కొలిచేది వయసును కాదు, ఆకలిని. రెండేళ్లకు పైగా పట్టిన ఓపిక బూడిదలో పోసినట్టే. విచారణ ముగిసేదాకా ఆగుదామంటే, ప్రభుత్వ విచారణ సగటు ఆయుర్దాయం ఎలుక సగటు ఆయుర్దాయం కన్నా చాలా ఎక్కువ.

ఆమె డైరెక్టరు దగ్గరికి వెళ్లింది. భుజంగరావు జాలిగా చూశారు.

“ఎలుకల కోసం అంత మథనపడతారేమిటి మందాకిని గారూ? మీ తరువాత వచ్చేవాళ్లు కొత్తవి కొనుక్కుంటారు.”

“కొత్తవి కొనొచ్చు సార్. పాతవి కొనలేం.”

“అయినా ఈ వయసులో మనకు కావలసింది మనశ్శాంతి. ధ్యానమందిరానికి మొదటి సభ్యత్వం మీకే ఇద్దామనుకుంటున్నాను.”

ఆమె లేచి వచ్చేసింది. తలుపు దగ్గర గోడకు ఆనించి ఉన్న శిలాఫలకం కాలికి తగిలింది. బరువైనదే.

*

ఈలోగా హోంశాఖ మరో అడుగు ముందుకు వేసింది. ‘నా సెల్స్‌లో ఎట్టి విచ్ఛిన్నకర చర్యలూ జరుగుట లేదని ఇందుమూలముగా ప్రమాణము చేయుచున్నాను’ అని ఉద్యోగులందరూ రాసివ్వాలన్నది. అందరూ రాసిచ్చారు. శాస్త్రప్రకారం ఆ సాయంత్రానికి సంస్థలో ఒక్క ప్రాణి కూడా బతికి ఉండకూడదు. అయినా అయిదింటికి బస్సులు యథావిధిగా నిండాయి. మందాకిని ఒక్కతే ‘జరుగుచున్నవి, జరుగుచుండవలెననియే కోరుచున్నాను’ అని రాసిచ్చింది. ఆమె నడవాలో ఎదురైతే తోటివారు నీళ్ల కుండ వైపు తిరగడం మొదలుపెట్టారు.

ప్రమాణాలు చాలవని ఎవరో అనడంతో రక్తపరీక్షలకు ఆదేశించారు. పెద్దవాళ్లందరిలో ఆ చర్యలు తక్కువగా తేలి, వారి విధేయత రుజువైంది. కుర్ర పరిశోధకులు ఒక్కరు మిగలకుండా పట్టుబడ్డారు. పసిపిల్లల్లో ఈ చర్యలు మరింత ఉద్ధృతంగా ఉంటాయని ఎవరో పుస్తకం చూసి చెప్పగా, అంగన్‌వాడీల మీద నిఘా పెంచవలసిందిగా శిశు సంక్షేమ శాఖకు అత్యవసర సందేశం వెళ్లింది.

సరిగ్గా అప్పుడే సాధారణ పరిపాలన శాఖ కూడా నివేదికను చదివింది. తనకున్న పనుల ఒత్తిడిలో అది చివరి వాక్యం మాత్రమే చదవగలిగింది. చర్యలు యవ్వనకాలపు స్థాయిలో ఉండడమే సంస్థ లక్ష్యమైతే, అది మంచి విషయమే అయి ఉండాలని తర్కించింది. కాబట్టి అరవై దాటాక సర్వీసు పొడిగింపు కోరేవారు తమలో సదరు చర్యలు ఎక్కువగా ఉన్నట్లు ధ్రువపత్రం తేవాలని ఉత్తర్వు చేసింది.

ఒక శాఖకు తక్కువ కావాలి. ఇంకో శాఖకు ఎక్కువ కావాలి. రెండు ఉత్తర్వులూ ఒకే రోజు, ఒకే ముద్రణాలయంలో, పక్కపక్కనే అచ్చయ్యాయి. ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు.

ఆ రెంటి మధ్య ఇరుక్కున్న మొట్టమొదటి మనిషి చక్రపాణి. ఆయనకూ వచ్చే నెలాఖరుకే అరవై నిండుతాయి.

*

ఒక మధ్యాహ్నం ఆయన స్టెనో లేకుండా, సఫారీ బదులు చారల చొక్కాతో, మందాకిని గదికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

“లోపలికి రావచ్చునా? అధికారికంగా కాదు.”

“అయితే కూర్చోండి,” అంది ఆమె.

ఆయన కూర్చుని, గొంతు సవరించుకుని, మళ్లీ సవరించుకున్నారు. “పొడిగింపు కోసం అర్జీ పెట్టుకున్నానమ్మా.”

“ఎందుకండీ? హాయిగా ఇంటిపట్టున ఉండక.”

“ఇంట్లో నాకేం వచ్చు చెప్పండి? ఇన్నేళ్లుగా కిందివాడు ఫైలులో నోటు పెడితే తప్ప నోరు విప్పినవాణ్ణి కాదు. మొన్న మా ఆవిడ ‘పులుసు ఎలా కుదిరింది’ అని అడిగింది. ‘పరిశీలనలో ఉంది’ అన్నాను. గరిటె అక్కడే పడేసి లోపలికి వెళ్లిపోయింది. నా ఉద్దేశం బాగుందనే. మాట అలా వచ్చేసింది.”

మందాకినికి మొదటిసారి ఆయన మీద చిన్న జాలి కలిగింది. పని ఆగిపోతే తానేమిటో తెలియని భయం ఎలా ఉంటుందో ఆమెకు తెలియనిది కాదు.

“నా వల్ల ఏం కావాలి?”

“రెండు ధ్రువపత్రాలు. హోంశాఖకు ‘తక్కువ’ అని, సాధారణ పరిపాలనకు ‘ఎక్కువ’ అని.”

“లేనిది ఉన్నట్టు నేను రాయను సార్.”

“నాకు తెలుసు. అందుకే మీ దగ్గరికి వచ్చాను. మీరు రాస్తే నమ్ముతారు.”

ఆమె గోడ మీది క్యాలెండరు చూసింది. “మీరు ఉపవాసాలు ఉంటారా?”

“ఏకాదశికి ఉంటాను. నిర్జలం.”

“అయితే వినండి. ఉపవాసంలో ఈ చర్యలు పెరుగుతాయి. కడుపు నిండాక తగ్గుతాయి. ద్వాదశి పొద్దున ఏమీ తినకుండా ఇక్కడికి రండి, రక్తం తీస్తాం. పారణ చేసి మళ్లీ రండి, ఇంకోసారి తీస్తాం. తేడా చిన్నదే ఉంటుంది, అసలు కనబడకపోవచ్చు కూడా. ఎంత వస్తే అంతే రాస్తాను. ఏ వేళకు తీసిందీ, అప్పుడు కడుపులో ఏమున్నదీ కూడా రాస్తాను.”

“నిరభ్యంతరంగా రాయండి. మా వాళ్లు అంకెలు చూడరు. ‘ఎక్కువ’, ‘తక్కువ’ ఉంటే చాలు.” ఆయన మొహం విప్పారింది. “మరి మీ ఎలుకల విషయం తగు సమయంలో సానుభూతితో…”

“తగు సమయం అంటే ఒకటో తారీఖు లోపల.”

“అమ్మా, విచారణ ముగించాలంటే ఒక నిర్ధారణ ఉండాలి కదా. నిందితులు నిర్దోషులని దేని ఆధారంగా రాయను?”

“నా నివేదిక ఆధారంగానే రాయండి. ‘వయసు మీరిన సెల్స్‌లో విచ్ఛిన్నకర చర్యలు గణనీయముగా తగ్గినవి.’ అవి ముసలి ఎలుకలండీ. మీరు చదివిన మొదటి వాక్యంలోనే అవి నిర్దోషులు.”

చక్రపాణి జేబులోంచి కలం తీసి ఆ వాక్యం రాసుకున్నారు. “ఇన్నాళ్లూ మీరు సచివాలయంలో ఉండవలసింది.” అంతలోనే ఆయనకు వృత్తిధర్మం గుర్తుకొచ్చింది. “అయితే అక్కడ పడుచు ఎలుకలు కూడా ఉన్నాయి. వాటి మీద సాక్ష్యం బలంగా ఉంది.”

“అవి లేకపోతే ముసలివాటిని దేనితో పోల్చను?”

ఆయన ఆ చిక్కును తన పద్ధతిలో విప్పారు. ముసలి ఎలుకలను నిర్దోషులుగా ప్రకటించి, సస్పెన్షన్ కాలాన్ని అర్జిత సెలవుగా పరిగణిస్తూ, తిరిగి విధుల్లోకి తీసుకున్నారు. పడుచు ఎలుకలను, వాటి భవిష్యత్తును దృష్టిలో ఉంచుకుని, ముసలి ఎలుకల పూచీకత్తు మీద షరతులతో విడుదల చేశారు. ఉత్తర్వు ముప్ఫయ్యో తారీఖు సాయంత్రం చేరింది.

“సదివి వినిపియ్యాల్నా?” అని అడిగింది సైదమ్మ.

“వద్దులే. మేత పూర్తిగా వెయ్యి, వాటికి అర్థమవుతుంది.”

*

ద్వాదశి పొద్దున చక్రపాణి వెలవెలబోయిన మొహంతో వచ్చారు. కడుపు ఖాళీ, చూపు చురుకు. నర్సు సూది తీసేలోపల ఆయన గది గోడకు వేలాడుతున్న పటం వంకరగా ఉందని పట్టుకున్నారు, నర్సు హాజరు వేళలు అడిగారు, ఒక కిటికీ మూయించారు. పరీక్షలో చర్య ఎక్కువగానే తేలింది.

పారణ సంస్థ క్యాంటీన్‌లోనే ఏర్పాటైంది. అవిసాకు కూర, ముద్దపప్పులో నెయ్యి, గుమ్మడికాయ పులుసు, పెరుగు. ఏర్పాటు భుజంగరావుది, ఆయన స్వయంగా విసనకర్రతో విసురుతూ నిలబడ్డారు. రెండోసారి రక్తం తీసేటప్పటికి చక్రపాణి కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోతున్నారు. సూది గుచ్చినా కదల్లేదు. చర్య తగ్గినట్టు తేలింది. తేడా మందాకిని అనుకున్నదానికన్నా కాస్త పెద్దదే. ఒక్క మనిషిని చూసి ఏదీ నిర్ణయించకూడదని ఆమె తనను తాను హెచ్చరించుకుంది.

‘ఉపవాస స్థితిలో, ఉదయం: ఎక్కువ.’ ‘భోజనానంతరం, మధ్యాహ్నం: తక్కువ.’ ఇవీ ఆమె ఇచ్చిన రెండు ధ్రువపత్రాలు. రెండూ అక్షరాలా నిజం. సాధారణ పరిపాలన శాఖ మొదటిదాన్ని చూసి సంతోషించింది, హోంశాఖ రెండోదాన్ని చూసి నిశ్చింత చెందింది. భోజనానంతరం ఆ అధికారిలో చర్యలు తక్కువన్న సంగతి ఏ శాఖనూ ఆశ్చర్యపరచలేదు. కొద్ది రోజుల్లోనే సచివాలయంలో ఏకాదశి వ్రతం విపరీతంగా ప్రబలింది.

*

మందాకిని పరీక్ష చేసింది. రక్తం, పిసరంత కండ తీసుకుని, ఎలుకలను తిరిగి గూళ్లలో పెట్టింది. పడుచువాటిలో ఎంజైములెన్నో, ముసలివాటిలోనూ ఇంచుమించు అన్నే ఉన్నాయి. నమ్మబుద్ధి కాక మళ్లీ కొలిచింది. అన్నే ఉన్నాయి. తగ్గింది సంఖ్య కాదు. పాడైన ప్రోటీన్లు ఒకదానికొకటి చుట్టుకుని ముడిపడిపోతే, ఆ ముడిని ఎంజైము నోట పట్టుకుంటుంది. మింగలేదు, వదలలేదు. అలాగే ఉండిపోతుంది. దాని వెనక కొత్త సరుకు పేరుకుంటుంది.

ఆమె పరికరం ఆపింది. తరువాత సైదమ్మను పిలిచి ఎలుకలకు ఆ పూట రెండేసి పొద్దుతిరుగుడు గింజలు వేయమంది. పరీక్ష అయిపోయింది గనుక, ఇక ఆ మాత్రం చేయవచ్చు.

చివరి నివేదిక రాసే వేళకు నరహరి పదకోశం తెరిచి సిద్ధంగా ఉన్నాడు.

“ముక్కలు చేసే ఆ ఎంజైములన్నిటినీ కలిపి ‘యంత్రాలు’ అనవచ్చునా?” అంది ఆమె.

“‘యంత్రం’ లేదు మేడమ్. ‘యంత్రాంగం’ ఉంది.”

“ముడులు?”

“‘కట్టలు’ ఉంది. ఫైళ్ల కింద.”

ఈసారి ఆమె ఏ మాటకూ అడ్డు చెప్పలేదు. నరహరి అచ్చు తీసి ఇచ్చాడు: ‘వయసు మీరిన సెల్స్‌లో యంత్రాంగము సంఖ్యలో ఏమాత్రము తగ్గలేదు. విప్పజాలని పాత కట్టలను నోట కరచుకొని, మింగలేక, విడువలేక, కదలక కూర్చున్నది. వెనుక కొత్త కట్టలు పేరుకొనుచున్నవి. యంత్రాంగమును పెంచుట వలన ప్రయోజనము కనిపించదు. ఉన్న కట్టలను విప్పు మార్గము వెదకవలెను.’

“ఎలా ఉంది మేడమ్?”

“మొదటిసారి సరిగ్గా తెలుగు చేశారు నరహరి గారూ,” అని ఆమె సంతకం పెట్టింది.

ఆమె వీడ్కోలు సభ ధ్యానమందిరంలో జరగవలసింది. క్యాంటీన్‌లో జరిగింది. ఎందుకంటే ఎలుకలు తిరిగి విధుల్లో చేరిన ఉద్యోగులు. పదవీ విరమణ వయసు రాకుండా వాటిని ఖాళీ చేయించరాదు. ఎలుకల పదవీ విరమణ వయసు ఎంతో ఏ నిబంధనలోనూ లేదు. స్పష్టత కోరుతూ భుజంగరావు పైకి రాశారు. జవాబు రావలసి ఉంది. శిలాఫలకాన్ని సైదమ్మ ఎలుకల గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది.

సభలో భుజంగరావు మందాకిని నిరాడంబరతను పొగుడుతుండగా, చక్రపాణి వచ్చి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నారు. పొడిగింపు దొరికిన కళ ఉండాలి మొహంలో. లేదు. మళ్లీ సఫారీ వేసుకున్నారు. వెనక స్టెనో కూడా ఉన్నాడు.

“మీ రెండో నివేదిక అందింది,” అన్నారు గొంతు బాగా తగ్గించి.

“చదివారా?”

“చదివారు. అన్ని శాఖలూ చదివాయి. పైన పెద్ద కలకలంగా ఉంది. నివేదికను అత్యంత రహస్యంగా ప్రకటించారు, విచారణ నాకే అప్పగించారు.” ఆయన అటూ ఇటూ చూశారు. “అమ్మా, మనలో మన మాట. యంత్రాంగం లోపలి సంగతులు ఇంత కచ్చితంగా మీకు ఎవరు చెప్పారు?”

“ఎలుకలండీ.”

చక్రపాణి స్టెనోకు సైగ చేశారు. స్టెనో పెన్సిలు తీశాడు.

“ఏ సెక్షన్‌వి?”